బూమ్ లేస్తేనే వచ్చే రోగం

మన్ను తవ్వే మిషన్ దగ్గరికి పోగానే చేయాల్సిన మొదటి పని ఏదని కొత్తగా చేరిన పిల్లల్ని అడిగితే అందరూ ఒకే జవాబు చెబుతారు. బకెట్ నేలకు ఆనించాలి, ఇంజను ఆపాలి, తాళం చెవి తీసి మన జేబులో వేసుకోవాలి. నేనూ అదే నేర్చుకున్నాను, నా తర్వాతి వాళ్లకూ అదే నేర్పాను. ఇప్పటికీ అదే చెబుతాను, ఎందుకంటే అలా చేయకుండా లేచిన బూమ్ కిందికి, అంటే బండి పెద్ద చెయ్యి కిందికి, దూరిన వాళ్ల గతి నేను కళ్లారా చూశాను. కానీ ఆ మంచి అలవాటే ఒకసారి ఒక బండి రోగాన్ని మా కంట పడకుండా దాచింది. ఏ పాపం ఎరగని ఒక మనిషి ఉద్యోగం మీదికి తెచ్చింది.

మా బ్రాంచి తిరుపతిలో. శ్రీకాళహస్తి, నాయుడుపేట, పాకాల, ఏ పక్క ఎక్స్‌కవేటర్ ఆగినా ఫోను మాకే వచ్చేది. అప్పటికి నాకు రిటైర్మెంటు దగ్గర పడింది. చైన్ల మీద కాలు పెట్టి పైకి ఎక్కేటప్పుడు బండి కంటే ముందు నా మోకాళ్లే కిర్రుమనేవి. అందుకని ఆఫీసులో నన్ను కుర్చీకి కట్టేసి, ఎవరికీ అంతుబట్టని కేసులు మాత్రం నా నెత్తిన పెట్టేవాళ్లు. కుర్చీలో కూర్చోవడం కంటే అదే నయమని నేనూ కిక్కురుమనే వాణ్ణి కాదు.

పాకాల దాటినాక కొత్త రోడ్డు కోసం ఒక గుట్టను తొలుస్తున్నారు. అక్కడ పని చేస్తున్న ఎక్స్‌కవేటర్ ఉన్నట్టుండి నీరసపడిపోతోంది. స్క్రీన్ మీద ఎర్ర గుర్తు వస్తుంది, పంపుల బలం తగ్గిపోతుంది, బకెట్ నిండా మన్ను ఎత్తాలంటే ముక్కుతుంది. తాళం ఆపి మళ్లీ తిప్పితే కాసేపు బాగుంటుంది. మా బ్రాంచి మెకానిక్ ఒకాయన అంతకు ముందే పోయి, స్క్రీన్ చెప్పిన పంపు సెన్సారు మార్చాడు. మళ్లీ ఆగింది. ఇంకో సెన్సారు మార్చాడు. మళ్లీ ఆగింది. ఇప్పుడు ఒకేసారి మూడు సెన్సార్లు పోయినాయని చూపిస్తోంది. ఆయనకు విసుగొచ్చి, బండి ఓనరు ముందర ఒక మాట అనేసి వచ్చాడు.

"మూడు సెన్సార్లు ఒకేసారి ఎట్ల పోతాయి సార్? ఎవరన్నా వైరు పీకి మళ్లా పెడతా ఉండాల."

ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట అని టిఫిన్ తిని బస్సెక్కి ఉంటాడు, మరుసటి రోజుకు మరిచిపోయి ఉంటాడు. కానీ మనం నోటినుంచి జారవిడిచిన మాట బస్సెక్కదు, అక్కడే ఉండిపోతుంది. బండి మీద ఉండేది ఒకే మనిషి, ఆపరేటరు. వైరు పీకాలంటే అతనే పీకాలి.

ఈ సంగతి మాకు ఆ ఉదయం అక్కడికి పోయాకే తెలిసింది. నాతో పాటు మా బ్రాంచిలో ఎలక్ట్రికల్ చూసే ఇంజనీరు అమ్మాయి వచ్చింది. చిత్తూరు అమ్మాయి. నా కళ్లకు ఆనని వైరింగ్ బొమ్మలు ఆమె చదివేది, ఆమె కదల్చలేని బోల్టులు నేను విప్పేవాణ్ణి. ఇద్దరికీ సరిపోయేది. ఆమె నన్ను సార్ అనేది గానీ, తప్పు చెబితే మాత్రం మొహం మీదే "అట్ల కాదు సార్" అనేసేది.

మట్టి దారి, తారు రోడ్డు, గుట్ట మీదికి పోయే బాట మూడూ కలిసే చోట ఒక టీ అంగడి ఉంది. ఓనరు అక్కడే మా కోసం కాచుకుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి. ట్రాక్టరు తోలి తోలి ఈ ఒక్క బండికి ఓనరైనాడు. మమ్మల్ని చూడగానే కూర్చోమని కూడా అనకుండా మొదలుపెట్టాడు.

"సార్, మీరు బండి సూసేది ఏమీ ల్యా. మీ ఆయప్ప అపుడే సెప్పేసినాడు. వైర్లు పీకతా ఉండాడు నా కొడుకు. నాయుడుపేట తట్టు ఎవురో జాస్తి జీతం ఇస్తామన్నారంట. నేనే పొమ్మనాల, వాడు మంచోడు కావాల. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం."

టీ తాగుతున్న రోడ్డు కూలీలు, టిప్పర్ల డ్రైవర్లు, అంగడాయన అందరూ వింటున్నారు. అంగడి పక్కన బైకు మీద కొత్త ఆపరేటరు ఒకతను కూర్చుని ఉన్నాడు. ఓనరే పిలిపించాడంట. మేము "బండిలో ఏ లోపమూ లేదు" అని ఒక్క మాట చెబితే, పాత ఆపరేటరును ఆ పూటే పంపించేసి ఇతన్ని ఎక్కిస్తాడు.

ఆ పాత ఆపరేటరు కాస్త దూరంలో బండి చైను మీద కూర్చుని ఉన్నాడు. పక్కనే బట్టల బ్యాగు, సంగటి క్యారియరు. ముప్పై అయిదేళ్లుంటాయేమో. మేము దగ్గరికి పోగానే లేచి నిలబడ్డాడు.

"నేను ఏ వైరూ ముట్టలే సార్," అన్నాడు. నమస్కారం కంటే ముందు వచ్చిన మాట అదే.

ఈ బండ్ల లైన్లో పద్ధతి ఒకటుంది. ఒక ఆపరేటరు పని చేతకాక పోయాడంటే ఇంకోచోట పని దొరుకుతుంది. తాగి పోయాడన్నా దొరుకుతుంది. ఓనరు బండికి కావాలని చెరుపు చేసి పోయాడంటే మాత్రం, ఇటు చిత్తూరు అటు నాయుడుపేట, ఎవరూ తాళం చేతికివ్వరు. అంత ఖరీదైన బండిని ఎవరు నమ్మి ఇస్తారు? అతని గుండెల్లో ఉన్న భయం అదే.

"బండి బలం ఎప్పుడు పడిపోతాది?" అని అడిగాను.

"పై మన్ను పెరికేటప్పుడు సార్. టిప్పర్‌లో పోసేటప్పుడు గూడా ఒగోసారి. కింద చదును చేసేటప్పుడు రాదు. ఎన్నిసార్లు సెప్పినా ఇనేవాళ్లు ల్యా."

వెనకనే వచ్చిన ఓనరు నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడన్నాడంట."

నేను నా పద్ధతి ప్రకారం బకెట్ నేలకు ఆనించమన్నాను. ఇంజను ఆపించాను. తాళం చెవి తీసుకుని జేబులో వేసుకున్నాను. ఆయుధపూజకు బండిని ప్రెషర్ నీళ్లతో కడిగారని తెలిసి, కనెక్టర్లలో నీళ్లు దిగాయేమోనని ఒక్కొక్కటీ ఊడదీసి చూశాను. పసుపు, కుంకుమ కనబడ్డాయి గానీ తేమ లేదు. మా అమ్మాయి లాప్‌టాప్ తగిలించి, నా దగ్గర తాళం తీసుకుని స్విచ్ వేసి చూసింది. అన్ని లెక్కలూ సరిగ్గా ఉన్నాయి. నేను వైర్లు పట్టుకుని అటూ ఇటూ ఊపాను. ఏమీ లేదు. బండి శుభ్రంగా ఉంది.

ఓనరు చేతులు కట్టుకుని, "సూసినారా?" అన్నాడు. "నేను సేయాల్సిందంతా సేసినా సార్. పూజ సేయించినా. పటిక, నల్లతాడు, నిమ్మకాయలు నా చేత్తోనే కట్టినా. బండికి ఏ దిష్టీ తగలదు. తగిలిందంతా ఈని బుద్ధికే."

ఆపరేటరు బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు. ఇక్కడ నిజం చెప్పాలి, నాకూ ఆ క్షణంలో అనుమానం తగిలింది. బండి బాగుంటే మనిషే బాగలేడనుకోవడం చాలా సులువు.

మా అమ్మాయి మాత్రం లాప్‌టాప్ మీదినుంచి తల ఎత్తలేదు.

"సార్, ఈ మూడు సెన్సార్లకీ కరెంటు ఒకే తీగలోనించి పోతాది," అంది. "మూడూ పోలేదు. ఆ తీగ యాడో బాడీకి తగలతా ఉంటే మూడూ పోయినట్టే చూపిస్తాది."

సెన్సారు అంటే తెలియని వాళ్ల కోసం చెబుతాను. ఒత్తిడి ఎంత ఉందో, వేడి ఎంత ఉందో కొలిచి, బండికి మెదడులాంటి కంట్రోలర్‌కు చెప్పే చిన్న పరికరం అది. దానికి ఐదు వోల్టుల కరెంటు అందాలి. ఒకే పైపులో వీధంతటికీ నీళ్లు వస్తుంటాయి గదా, ఆ చివర ఎక్కడో పైపు పగిలితే ఈ చివర కుళాయిలో చుక్క రాదు. కుళాయిలు ఎన్ని మార్చినా నీళ్లు రావు. మా మెకానిక్ చేసింది అదే, కుళాయిలు మార్చి వచ్చాడు.

"ఆ తీగ మీద ఇంకేముండాదమ్మా?" అన్నాను.

"బూమ్‌ను లేపే జాకీ మీద ఒకటుండాది సార్. జాస్తి బరువెత్తితే మోత మోగే దానికి. అది పోయినా స్క్రీన్ మీద ఎర్ర గుర్తు రాదు."

బూమ్ అనే మాట వినగానే ఆపరేటరు పొద్దున చెప్పింది గుర్తొచ్చింది. పై మన్ను పెరికేటప్పుడు అన్నాడు, అంటే బూమ్ పైకి లేచినప్పుడు. మా మెకానిక్ చూసినప్పుడూ, నేను చూసినప్పుడూ బకెట్ నేల మీదే ఉంది. రోగం చూడడానికి వచ్చిన ప్రతివాడూ ముందు రోగిని పడుకోబెట్టాడు. అతనికేమో నిలబడితేనే కళ్లు తిరుగుతాయి.

నాకు నా మీదే కోపం వచ్చింది. అతని మాట నమ్మక్కరలేదు, విని అలాగే ఒకసారి చేసి చూస్తే సరిపోయేది.

అందర్నీ దూరంగా పొమ్మన్నాను. ఆపరేటరును క్యాబిన్‌లోకి ఎక్కించాను. మా అమ్మాయి లాప్‌టాప్‌తో అతని సీటు వెనకాల ఇరుక్కుని నిలబడింది. నేను బయట, బూమ్ తగలనంత దూరంలో, ఆపరేటరుకు కనబడేలా నిలబడ్డాను. చెయ్యి పైకి ఊపాను. బూమ్ లేచింది. సగం దాకా ఏమీ లేదు. ఇంకా పైకి, మొత్తం పైకి ఎత్తమన్నాను.

"పడిపాయ సార్!" అని లోపలినుంచి అరిచింది మా అమ్మాయి. ఇంజను శబ్దంలో కూడా వినబడింది. అంత సంతోషంగా బండి చెడిపోయిందని చెప్పిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

బూమ్ దించితే కరెంటు తిరిగి వచ్చింది, ఎత్తితే పోయింది. ఆ తర్వాత బండి ఆపి, బూమ్ జాకీ సెన్సారు వైపు పోయే తీగను కంట్రోలర్ దగ్గరే విడదీసి, మళ్లీ ఎత్తించాం. ఈసారి కరెంటు పడిపోలేదు. అంటే పగిలిన పైపు ఆ దారిలోనే ఉంది.

బకెట్ మళ్లీ నేలకు ఆనింది, తాళం మళ్లీ నా జేబులోకి వచ్చింది. బూమ్ మొదట్లోకి, తీగల కట్ట బాడీలోంచి బూమ్ మీదికి మలుపు తిరిగే చోటికి ఎక్కాను. మోకాళ్లు తిట్టుకున్నాయి. అక్కడ తీగలు కనబడలేదు. పటిక ముక్క, నల్ల కంబళి తాడు, ఎండిపోయిన నిమ్మకాయలు, మిరపకాయలు, గవ్వలు ఒక పెద్ద మూటలాగా అడ్డం ఉన్నాయి. పొద్దున నేను చూసి, దేవుడి వస్తువు గదా అని చెయ్యి పెట్టకుండా దాటిపోయింది ఆ మూటనే.

ఈసారి పక్కకు జరిపి చూశాను. దాన్ని దారంతో కట్టలేదు. సెంట్రింగ్ వాళ్లు ఇనుప కమ్ములు ముడేసే బైండింగ్ వైరుతో కట్టారు. తీగల కట్టనూ, పక్కన ఉన్న ఇనుప క్లాంపునూ కలిపి చుట్టి, కటింగ్ ప్లేయరుతో మెలితిప్పి బిగించారు. బూమ్ లేచినప్పుడల్లా తీగల కట్ట సాగి ఆ వైరు మీద ఒరుసుకుంది. పైతొడుగు తెగింది, లోపలి తీగ తొడుగూ తెగింది. తెగిన చోట రాగి తళతళమంటోంది, బూమ్ లేచినప్పుడల్లా అది కంబిలోంచి బాడీకి తగులుతోంది.

నేను కింద నిలబడ్డ ఓనరును అడిగాను. "ఇది ఎప్పుడు కట్టినావప్పా?"

"ఆయుధపూజకి కట్టినా సార్. నూలుదారం తెగి పటిక కింద పడిపాయ. పటిక నేల పడితే మంచిది కాదు గదా. కట్టుకంబి తెచ్చి గట్టిగా…" అని ఆగిపోయాడు.

"బండి ఆగడం ఆ తర్వాతనేనా?"

ఆయన పైన మూట వంక చూసి తల ఊపాడు.

"ఆగినాక మళ్లీ ముట్టినావా?"

"దిష్టి జాస్తిగా ఉందని ఇంగో రెండు సుట్లు బిగించినా," అన్నాడు మెల్లగా.

బండి ఆగిన కొద్దీ ఈయన దిష్టి కంబి బిగించాడు, కంబి బిగిసిన కొద్దీ బండి ఆగింది. కంచే చేను మేసిందంటే ఇదే. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. పాపం, బండి మీద ప్రేమతో చేసిన పనే గదా అది.

కంబి కత్తిరించి తీశాను. మా అమ్మాయి తెగిన తీగను కొత్త ముక్కతో అతికి, పైన తొడుగు వేసి, దారి కొంచెం మార్చి కట్టింది. పటిక మూటను పారేయలేదు. ప్లాస్టిక్ టై ఒకటి తీసి, క్యాబిన్ పక్కన పట్టుకుని ఎక్కే కడ్డీకి కట్టింది.

"ఈడుండనీ అన్నా. ఈడ వైర్లు ఏమీ ల్యా. దిష్టి ఈడ కట్టినా పోతాది," అంది.

ఓనరు తల ఊపాడు. ఆపరేటరు వైపు తిరిగి, "ఇంగ బండెక్కురా," అన్నాడు.

అతను ఎక్కలేదు. బ్యాగు ఇంకా భుజానికే ఉంది.

"నేను పోతానన్నా."

"ఏమిటికిరా? తప్పు నీది కాదని తెలిసిపాయ గదా."

"నీకు తెలిసిపాయ. టీ అంగట్లో పదిమంది ముందర నన్ను దొంగంటివి. ఈడ గుట్ట కింద నాకి సెప్తే ఆళ్లకి యాడ ఇనపడతాది?"

గొంతు పెంచలేదు, కళ్లలో మాత్రం నీళ్లు తిరిగాయి. నేను స్పానర్లు తుడుచుకుంటూ తల వంచుకున్నాను. మధ్యలో మనం దూరే మాట కాదది. నిజానికి అతని మీద నింద మోపిన మొదటి మాట మా బ్రాంచి వాడిదే. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలూ, మీకు నేను చెప్పదలుచుకున్నది ఇక్కడే ఉంది. తీగ ఎక్కడ తెగిందో కంటికి కనబడే దాకా, ఎవరు తెంచారన్నది మీ నోటినుంచి రాకూడదు. తెలియకపోతే తెలియదనండి. అందులో నామోషీ ఏమీ లేదు.

ఓనరు ఆపరేటరు మణికట్టు పట్టుకుని, మట్టి దారి వెంబడి అంగడి వైపు లాక్కుపోయాడు. కొడతాడేమోనని మా అమ్మాయి కంగారుపడింది. మేమూ వెంట నడిచాం. ఎలాగూ నాకు టీ కావాలి.

అంగడి ముందర జనం అట్లే ఉన్నారు. ఓనరు నేరుగా పోయి, లెమన్ టీ కోసం గాజు సీసాలో పెట్టుకున్న నిమ్మకాయల్లోంచి ఒకటి తీశాడు. మూడు దారులూ కలిసే చోట ఆపరేటరును నిలబెట్టాడు.

"తూర్పు తిరిగి నిలబడరా."

"నాకేమిటికన్నా?"

"బండికి ఏ దిష్టీ తగల్లేదురా. తగిలింది నీకు. నా నోరే తగిలింది."

ఆ మాట అంగడంతా వినేలా అన్నాడు. తర్వాత గొంతు ఇంకా పెంచాడు. "అందరూ ఇనండప్పా. ఈడు ఏ వైరూ ముట్టలే. కట్టుకంబి కట్టి బండి చెడగొట్టింది నేను."

నిమ్మకాయను అతని తల చుట్టూ ఇటు మూడుసార్లు, అటు మూడుసార్లు తిప్పాడు. తల్లి బిడ్డకు తీసినంత శ్రద్ధగా తీశాడు. మడమ కింద వేసి తొక్కి, చెరో ముక్కా చెరో పక్కకు విసిరాడు. ఎవరూ నవ్వలేదు. బైకు మీది కొత్త ఆపరేటరు టీ గ్లాసు కింద పెట్టి, చప్పుడు చేయకుండా బండి తిప్పుకుని పోయాడు.

ఆపరేటరు అలాగే తూర్పు చూస్తూ ఉన్నాడు. తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. భుజం మీది బ్యాగు దించి అంగడి బల్ల మీద పెట్టాడు.

"తాళం ఇయ్యన్నా," అన్నాడు. "ఎండ ఎక్కతా ఉండాది."

ఓనరు చొక్కా జేబు తడుముకున్నాడు, పంచె మడత తడుముకున్నాడు. తాళం ఆయన దగ్గర లేదు. నా పాత అలవాటు ప్రకారం నా జేబులోనే ఉంది. ఆపరేటరు నా ఎదురుగానే చెయ్యి చాచి ఉన్నాడు. అయినా నేను నాలుగడుగులు నడిచిపోయి తాళాన్ని ఓనరు చేతిలో పెట్టాను. అది ఇవ్వాల్సింది నేను కాదు.